ప్రాజెక్ట్ జోంబాయిడ్‌లో ప్రొపేన్ దొరకట్లేదా? నిజంగా అయితే ఎక్కడ ఉంటుందో చెప్తా

తమ్ముడు అడిగింది ఇదీ: ప్రాజెక్ట్ జోంబాయిడ్ (జాంబీల మధ్య బతకాల్సిన కంప్యూటర్ గేమ్, జరిగేది అమెరికాలో కెంటకీలో) ఆడుతున్నాడు, మల్‌డ్రా అనే ఊళ్ళో బేస్ పెట్టాడు, ప్రొపేన్ గ్యాస్‌తో మండే బ్లోటార్చ్ ఖాళీ అయింది, వీధిలో వంటిళ్ళన్నీ గాలించాడు, ఒక్క ప్రొపేన్ ట్యాంక్ లేదు. "మన దగ్గర ప్రతి వంటింట్లో సిలిండర్ ఉంటుంది కదన్నా, గేమ్ వాళ్ళు కావాలని దాచారా, అమెరికాలో నిజంగానే ఇంతేనా? పెరట్లో పెద్ద తెల్ల ట్యాంకులు ఉంటాయంటారు, వాటిలోంచి నింపుకోలేమా? గోబర్ గ్యాస్ చేసి సిలిండర్‌లోకి ఎక్కించే మోడ్ (గేమ్‌కి మనం రాసి కలిపే మార్పు) రాస్తే రియలిస్టిక్‌గా ఉంటుందా?"

సూటిగా చెప్పాలంటే వంటిల్లు వదిలేసి పెరట్లోకి వెళ్ళు. అమెరికాలో ప్రొపేన్ ఇంటి బయట ఉంటుంది. గేమ్‌లో నీకు అందరికన్నా ముందు దొరికేది పెరట్లో పెట్టిన గ్యాస్ గ్రిల్, దాని మీద రైట్ క్లిక్ కొడితే ట్యాంక్ ఊడదీసే ఆప్షన్ వస్తుంది, చాలామంది దాన్ని పొయ్యి అనుకుని పక్కనుంచి వెళ్ళిపోతారు (బొగ్గు గ్రిల్‌కి రాదు, రెండూ చూసుకో). ఆ తర్వాత గరాజులు, తోట షెడ్లు, గోడౌన్లు, వెల్డింగ్ సామాను ఉండే చోట్లు. గేమ్ పక్కన పెట్టి నిజం అడిగితే అసలు నిధి ఆ చిన్న ట్యాంకులు కాదు, ఊరి బయట ఇళ్ళ పక్కన పడుకోబెట్టి ఉండే పెద్ద ట్యాంకులే. గోబర్ గ్యాస్ సంగతి మాత్రం కుదరదు, కారణం కింద రాస్తా.

నా సంగతి రెండు ముక్కల్లో: మన దగ్గర ఎల్పీజీ బాట్లింగ్ ప్లాంట్‌లో ఉద్యోగం మొదలుపెట్టి, ఇప్పుడు ఇండియానాలో ప్రొపేన్ ట్యాంకులు, రెగ్యులేటర్ల పనిలో ఉన్నా. ఓహయో నది దాటితే లూయివిల్. గేమ్‌లో నాక్స్ కంట్రీ అనే ప్రాంతం కల్పితమే గానీ మల్‌డ్రా, వెస్ట్ పాయింట్, లూయివిల్ నిజంగా కెంటకీలో ఉన్న ఊళ్ళు, ఆ వైపు రోడ్ల మీద పని మీద తిరుగుతూనే ఉంటా. అందుకే ఈ గేమ్‌లో ఎక్కడికెళ్ళినా నా కళ్ళు ముందు ట్యాంకుల మీదకే పోతాయి.

వంటింట్లో ఎందుకు ఉండదంటే, అక్కడ పట్నాల్లో పొయ్యి కరెంటుది, లేదంటే గోడలోంచి వచ్చే పైపు గ్యాస్‌ది. పైపులో వచ్చేది నేచురల్ గ్యాస్, అంటే దాదాపు అంతా మీథేన్. ఇంట్లోకి వచ్చేటప్పటికి దాని ప్రెషర్ ఊదితే ఊదినంత, దాన్ని సిలిండర్‌లో పట్టే మార్గం లేదు. ఇక 20 పౌండ్ల సిలిండర్‌ని ఇంటి లోపల పెట్టకూడదని అక్కడి ఫైర్ కోడ్, చేతిలో పట్టే ఒక పౌండు క్యాంపింగ్ బుడ్లకే లోపల అనుమతి. పొయ్యి కింద ఎర్ర సిలిండర్ పెట్టుకుని బతికే మనకి ఇది వింతగా ఉంటుంది గానీ, వాళ్ళు మన వంటిల్లు చూస్తే గుండె పట్టుకుంటారు. నిజం మల్‌డ్రా దగ్గర భూమి లోపల నేచురల్ గ్యాస్ నిల్వ చేసే చోటు కూడా ఉంది, లూయివిల్ కంపెనీది. నీ బేస్ కిందే బోలెడు గ్యాస్ అన్నట్టు, బ్లోటార్చ్‌కి మాత్రం ఒక్క చుక్క పనికిరాదు.

కాబట్టి సూత్రం ఏంటంటే గ్యాస్ పైపు ఆగిపోయిన చోట ప్రొపేన్ మొదలవుతుంది. ఊరి మధ్య అపార్ట్‌మెంట్లు దండగ. పొలాలు, అడవి పక్క ఇళ్ళు, ట్రైలర్ పార్కులు, మెయిన్ రోడ్డు వదిలి లోపలికి పోయే మట్టి దారులు, అక్కడ చూడు.

గ్రిల్ దగ్గరే ఇంకో మాట. గేమ్ మామూలుగా 1993 జులై 9న మొదలవుతుంది. జులై 4 వాళ్ళ స్వాతంత్ర్య దినం, దేశంలో గ్రిల్ అన్నవాడల్లా ఆ రోజు వెలిగిస్తాడు. అంటే ఐదు రోజుల కిందటే అందరూ సిలిండర్లు నింపుకుని సగం వాడేసి వదిలారు. కాబట్టి గ్రిల్ సిలిండర్లు ఎక్కువగా సగం సగం ఉండాలి, పూర్తిగా నిండినవి తక్కువ, ఖాళీవి కూడా తక్కువ. నువ్వు మోడ్ రాస్తే ఈ ఒక్కటి పెట్టు చాలు, తెలిసినవాడు చూసి మురిసిపోతాడు.

ఆ సిలిండర్ లెక్కలు: నిండా ఉంటే 20 పౌండ్లు అంటే సుమారు 9 కేజీల ప్రొపేన్, ఖాళీ ఇనుము 17 పౌండ్ల చిల్లర, మొత్తం 17 కేజీల దాకా. జాంబీలు వెంటపడుతుంటే చంకలో పెట్టుకుని పరిగెత్తే వస్తువు కాదు. పెద్ద గ్రిల్‌ని అన్ని బర్నర్లూ తెరిచి కాలిస్తే పద్నాలుగు గంటల్లాగా వస్తుంది, చిన్న మంట మీద అన్నం కూర వండుకుంటే వారాలు లాగొచ్చు.

ఇప్పుడు పెట్రోల్ బంకు. యూట్యూబ్‌లో సర్వైవల్ వీడియోలు చేసేవాళ్ళు బంకు ముందు బోనులో వరసగా సిలిండర్లు చూపిస్తుంటారు కదా, ఖాళీది ఇచ్చి నిండుది తీసుకునే పద్ధతి. అది 1993కి అతకదు. ఆ వ్యాపారాన్ని దేశమంతా పాకించిన బ్లూ రైనో కంపెనీ పుట్టిందే 1994లో. అప్పట్లో ఎక్కువమంది సిలిండర్ కారు డిక్కీలో వేసుకుని హార్డ్‌వేర్ షాపుకో, క్యాంప్ గ్రౌండ్‌కో, ట్రక్కులు అద్దెకిచ్చే చోటికో, కొన్ని బంకులకో వెళ్ళి అక్కడ పెద్ద ట్యాంక్ నుంచి నింపించుకునేవాళ్ళు. ఆ ట్యాంక్ 500 గాలన్లదో 1,000 గాలన్లదో ఉంటుంది (గాలన్ అంటే 3.8 లీటర్లు), పక్కన పంపు, గొట్టం, తూకం. బోను కంటే ఇది వెయ్యి రెట్లు మేలు, కానీ పంపు కరెంటుది. గేమ్‌లో కరెంటు పోయాక బంకులో పెట్రోల్ రావాలంటే జనరేటర్ పెట్టాలి కదా, ఇక్కడా అంతే.

ఆ కాలం సిలిండర్లకి ఇంకో తేడా కూడా ఉండేది. ఇప్పుడు గ్రిల్ గొట్టానికి చేత్తో తిప్పే పెద్ద ప్లాస్టిక్ నట్టు ఉంటుంది, అప్పట్లో ఇత్తడి నట్టు, మర ఎడమవైపుకి, స్పానర్ లేకపోతే గట్టిగా బిగియదు. ఎక్కువ నిండకుండా ఆపే వాల్వ్ కూడా ఉండేది కాదు, ఆ వాల్వ్ లేని చిన్న సిలిండర్లు నింపకూడదని 2002 నుంచి గట్టిగా పట్టుకున్నారు. అంటే 1993లో నింపేవాడే తూకం చూసుకోవాలి. జనం గ్యాస్ అనుకుంటారు గానీ లోపల ఉండేది ద్రవం, ఎండ తగిలితే ఉబ్బుతుంది, అందుకే ఏ ట్యాంకైనా 80 శాతానికి మించి నింపరు. నిండా కొట్టి ఎండలో పెడితే సేఫ్టీ వాల్వ్ తెరుచుకుని గ్యాస్ బయటికి కక్కుతుంది, చుట్టుపక్కల నిప్పు ఉందా ఇక చెప్పక్కర్లేదు.

ఇక పెద్ద ట్యాంకు, నీ అసలు ప్రశ్న. కెంటకీ పల్లెల్లో ఇంటి పక్కన పొడుగ్గా పడుకోబెట్టిన తెల్ల ట్యాంక్ మామూలుగా 500 గాలన్లది. 80 శాతం అంటే 400 గాలన్లు. గాలన్‌కి 4.2 పౌండ్లు, మొత్తం 1,680 పౌండ్లు, కేజీల్లో 760. గ్రిల్ సిలిండర్లు 84 నిండుతాయి. మన 14.2 కేజీల సిలిండర్లలో లెక్కేస్తే 53, నెలకో బండ వాడే ఇంటికి నాలుగేళ్ళు దాటి వస్తుంది. ఒక్క ఇంటి ట్యాంక్!

కానీ జులై అని గుర్తుపెట్టుకో. ఆ ట్యాంకులు ఎక్కువగా చలికాలం ఇల్లు వెచ్చగా ఉంచడానికి. వేసవిలో అడుగుకి పోయి ఉంటాయి, కొందరు మాత్రం రేటు తక్కువని ఎండాకాలంలోనే నింపించేస్తారు. నేను చూసే ఇళ్ళల్లో జులైలో గేజ్ పావు దగ్గర ఉండటం మామూలే. పావు అన్నా 125 గాలన్లు, మన బండలు పదహారు దాటి. గేజ్ ట్యాంక్ పైన మూత ఎత్తితే కనబడుతుంది, మూత ఎత్తేటప్పుడు కందిరీగలు చూసుకో, ఇది జోక్ కాదు, మా పనిలో జాంబీల కంటే అవే ఎక్కువ భయం.

దాంట్లోంచి సిలిండర్ నింపొచ్చా అంటే, సూత్రంగా అవును, కానీ పైప్ ఊడదీసి పట్టేస్తే వచ్చేది కాదు. ఇంటికెళ్ళే లైను ట్యాంక్ పైభాగం నుంచి ఆవిరిని తీసుకుంటుంది. సిలిండర్‌కి కావాల్సింది ద్రవం, దానికి వేరే వాల్వ్, దానికి సరిపోయే అడాప్టర్, గొట్టం, తూకం, అన్నీ ఉండాలి, అవి దొరికేది ప్రొపేన్ డీలర్ యార్డులోనే. ఎలా చెయ్యాలో ఇక్కడ రాయను, ఇంట్లో ఎవడూ ప్రయత్నించొద్దు. గేమ్ కోసం అయితే "అడాప్టర్" అని ఒక వస్తువు పెట్టి అది డీలర్ యార్డులోనో సర్వీస్ ట్రక్కులోనో మాత్రమే దొరికేలా చేస్తే సరిగ్గా నిజంలా ఉంటుంది.

అయినా అసలు మోయడం ఎందుకు తమ్ముడూ? ట్యాంక్ ఉన్న ఇంట్లోనే కాపురం పెట్టు. నిజంగా ఆ పరిస్థితి వస్తే నేను చేసేది అదే. ఆ ట్యాంక్‌కి పంపు లేదు, కరెంటు అక్కర్లేదు, లోపలి ప్రెషరే గ్యాస్‌ని పొయ్యి దాకా తోస్తుంది. పైలట్ మంట (ఎప్పుడూ వెలుగుతూ ఉండే చిన్న మంట) ఉండే పాత గ్యాస్ గీజర్ కరెంటు లేకుండానే వేణ్ణీళ్ళు ఇస్తుంది, గోడకి బిగించే చిన్న హీటర్లు కూడా అంతే. ఇల్లంతా వెచ్చబెట్టే పెద్ద ఫర్నేస్ మాత్రం నడవదు, దానికి ఫ్యాన్ తిరగాలి. పైగా పెట్రోల్ నెలల్లో పాడవుతుంది, ప్రొపేన్ పాడవదు, ట్యాంక్ తుప్పు పట్టనంత కాలం అలాగే ఉంటుంది.

మిగతా చోట్లు గబగబా. ఫోర్క్‌లిఫ్ట్‌లు ఉన్న గోడౌన్ల బయట తాళం వేసిన బోన్లు ఉంటాయి, వాటిలో 33 పౌండ్ల సిలిండర్లు, లూయివిల్ లాంటి సరుకు రవాణా ఊళ్ళో ఇవి లెక్కలేనన్ని (కానీ వీటిలోంచి ద్రవం వస్తుంది, గ్రిల్‌కి నేరుగా తగిలించకూడదు). ఆర్‌వీలు (లోపలే కాపురం ఉండగలిగే బండ్లు), క్యాంపింగ్ ట్రైలర్లు, ముందు భాగంలో ఒకటో రెండో సిలిండర్లు. వాటిలో ప్రొపేన్‌తో నడిచే ఫ్రిజ్ కూడా ఉంటుంది, కరెంటు లేకుండా చల్లబరుస్తుంది, ఒక సిలిండర్‌కి దాదాపు రెండు వారాలు. కరెంటు పోయాక మాంసం కుళ్ళిపోతోందని గేమ్‌లో ఏడ్చే ప్రతివాడికీ ఇది చెప్పాలనిపిస్తుంది. రూఫ్ మీద తారు వేసేవాళ్ళ ట్రక్కుల్లో 100 పౌండ్ల పొడుగు సిలిండర్లు. చర్చిలు మర్చిపోకు, లూయివిల్ క్యాథలిక్ చర్చిల్లో ఈస్టర్ ముందు శుక్రవారాలు చేపల వేపుడు పెడతారు, ఆ పెద్ద బాణలి బర్నర్లు, సిలిండర్లు వెనక షెడ్లోనే ఉంటాయి. వసంతంలో డెర్బీ గుర్రప్పందాల పండక్కి వేడిగాలి బెలూన్ల రేసు జరుగుతుంది, అవి ఎగిరేదీ ప్రొపేన్ మీదే, ఆ మనుషుల గరాజు దొరికితే పండగే.

అన్నిటికన్నా పెద్ద చేప డెలివరీ ట్రక్కు. ఇళ్ళ ట్యాంకులు నింపే లారీ సుమారు 3,000 గాలన్లది, దాని ఇంజనే పంపు తిప్పుతుంది, గొట్టం చుట్టా దానికే ఉంటుంది. నింపడానికి కావాల్సిన సరంజామా మొత్తం చక్రాల మీద ఉన్నట్టే. రైలు వ్యాగన్ అయితే 30,000 గాలన్లు దాటుతుంది, కానీ దాన్ని దించే ఏర్పాటు ఇద్దరు ముగ్గురితో అయ్యే పని కాదు.

ఉంటుందనుకుని వెళ్ళి వట్టి చేతుల్తో వచ్చే చోట్లు కూడా చెప్పాలి. ఒకటి పొగాకు బార్న్‌లు. మన గోదావరి, ప్రకాశం వైపు పొగాకు బ్యారన్లు చూసినవాళ్ళు అక్కడ ఇంధనం ఉంటుందనుకుంటారు. కెంటకీలో పండేది ఎక్కువగా బర్లీ, దాన్ని గాలికే ఆరబెడతారు, ఆ పొడుగాటి నల్ల బార్న్‌లలో చిల్లుల్లోంచి వచ్చే గాలి తప్ప ఏమీ ఉండదు. మొక్కజొన్న ఆరబెట్టే డ్రయ్యర్ ఉన్న పొలం చూడు, అక్కడ 1,000 గాలన్ల ట్యాంకులు వరసగా ఉంటాయి, కాకపోతే కోతల ముందు నింపుతారు కాబట్టి జులైలో ఎంత ఉంటుందో అదృష్టం. రెండోది మిలిటరీ క్యాంపులు. ఫోర్ట్ నాక్స్ ఆర్మీ స్థావరం పక్కనే ఉంది కదా అని ఆశపడొద్దు, అప్పటి ఆర్మీ ఫీల్డ్ కిచెన్ బర్నర్లు గ్యాసోలిన్‌వి.

మూడోది నీ గోబర్ గ్యాస్. వంటకి బ్రహ్మాండం, మన పల్లెల్లో ఎన్నో ఇళ్ళల్లో వాడారు. కానీ అందులో మండేది మీథేన్. ప్రొపేన్‌ని మామూలు వేడిలో ప్రెషర్ పెట్టి ద్రవం చెయ్యొచ్చు, మీథేన్ మైనస్ 82 డిగ్రీల కంటే చల్లబడితే గానీ ఎంత నొక్కినా ద్రవం కాదు. గ్రిల్ సిలిండర్‌లో పట్టేంత ప్రెషర్‌తో కుక్కితే దాంట్లో ఒకటి రెండు పూటల వంటకి మించి రాదు. కొత్త ప్రొపేన్ అనేది నేచురల్ గ్యాస్ శుద్ధి ప్లాంట్ల నుంచీ రిఫైనరీల నుంచీ రావాలి, కెంటకీ చుట్టుపక్కలకి టెక్సస్ నుంచి పైప్‌లైన్లో ఇండియానాలో సీమోర్ టెర్మినల్ దాకా వస్తుంది, అక్కడినుంచి లారీలు. ప్రపంచం ఆగిపోయాక అది ఆగిపోతుంది. ఉన్నదే ఉంటుంది, కాకపోతే మనుషులు పోయారు కాబట్టి బతికున్నవాడి వాటా చాలా పెద్దది.

బ్లోటార్చ్ గురించి ఒక చురక వెయ్యకపోతే నిద్రపట్టదు. గేమ్‌లో ఆ టార్చ్‌తో ఇనుప గోడలు వెల్డ్ చేసేస్తారు. ప్రొపేన్, గాలి మంట రాగి పైపులు అతకడానికి బాగుంటుంది, ఇనుప షీట్లు వెల్డ్ చేసేంత వేడి ఒకచోట నిలబెట్టలేదు. ఆక్సిజన్ కలిపితే ఇనుము కోయొచ్చు. వెల్డింగ్ కావాలంటే ఎసిటిలీన్, లేదా కరెంటు వెల్డింగ్. గేమ్ తయారుచేసిన ది ఇండీ స్టోన్ వాళ్ళు ఆట సులువు కోసం అన్నీ ఒక ట్యాంక్‌కి కట్టేశారు, నాకేం అభ్యంతరం లేదు, తెలుసుకుని ఆడు అంతే. నేను ఆడేది గేమ్ వెర్షన్లలో బిల్డ్ 41, అందులో టార్చ్‌ని ట్యాంక్ నుంచి నింపుకోవచ్చు గానీ ట్యాంక్‌ని దేన్నుంచీ నింపలేవు, అందుకే నీ బాధ.

చలికాలం వచ్చేదాకా నీ క్యారెక్టర్ బతికుంటే ఇది చదువు. నిజం లూయివిల్‌లో 1994 జనవరి 19న మైనస్ 30 డిగ్రీల సెల్సియస్ పడింది, రెండు రోజుల ముందే మోకాలి దగ్గరికి మంచు. అదే రోజు షెల్బీవిల్‌లో మైనస్ 38, కెంటకీ రాష్ట్రం రికార్డు. అంటే నీ గేమ్‌లో మొదటి చలికాలమే అది! మన సిలిండర్లలో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్ కలిపింది. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరవడం మానేస్తుంది, మన బండని ఆ రాత్రి బయట పెడితే చాలాభాగం అడుగునే కూర్చుంటుంది. ప్రొపేన్ మైనస్ 42 దాకా మరుగుతూనే ఉంటుంది కాబట్టి పనిచేస్తుంది, కానీ ప్రెషర్ బాగా పడిపోతుంది, పెద్ద హీటర్ గానీ జనరేటర్ గానీ చిన్న సిలిండర్ మీద నడపబోతే పైన మంచు పట్టి మంట చచ్చిపోతుంది. పెద్ద ట్యాంక్‌కి ఒళ్ళు పెద్దది, బయటి గాలి నుంచి ఎక్కువ వేడి తీసుకుంటుంది, అందుకే తట్టుకుంటుంది. ఆ ఇంట్లో కాపురం పెట్టమన్నది ఊరికే కాదు.

ప్రమాదాల విషయంలో గేమ్ చాలా దయగా ఉంది. ప్రొపేన్ గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు, లీకైతే నేల మీద పాకి గుంటల్లో, సెల్లార్లలో చేరుతుంది. గాలిలో రెండు శాతం దాటితే చాలు అంటుకోడానికి. విశాఖలో 1997 సెప్టెంబర్ 14న రిఫైనరీలో ఎల్పీజీ లీకై అరవై మంది దాకా పోయారు, మా ప్లాంట్‌లో ట్రైనింగ్ మొదలయ్యేదే ఆ పాఠంతో. సినిమాల్లో లాగా పిస్టల్‌తో కాలిస్తే సిలిండర్ పేలిపోదు, కన్నం పడితే లీకవుతుంది. మంటల్లో చాలాసేపు కాగితే మాత్రం ట్యాంక్ చీలిపోతుంది, అది నిజంగా భయంకరం. కాబట్టి జాంబీల గుంపుని కాల్చే మంట ట్యాంక్ పక్కన పెట్టకు.

మల్‌డ్రాలో ఇప్పుడు నీకు నా సలహా: ముందు ఇళ్ళ వెనక కంచెల వెంట నడుస్తూ గ్రిల్స్ లెక్కపెట్టు, లోపలికి పోకు, సగం జాంబీలు తప్పుతాయి. తర్వాత గోడౌన్ల వైపు. బండి ఉంటే డిక్కీ ఖాళీ చేసి వెళ్ళు, ఈ ట్యాంకులు బరువు. మోడ్ రాయడం మొదలుపెడితే గ్రిల్ సగం, ఇంటి ట్యాంక్ పావు, డ్రయ్యర్ ట్యాంకులు సెప్టెంబర్ ముందు దాదాపు ఖాళీ, వంటింట్లో సున్నా, ఈ లెక్కలు పెట్టి చూడు. అడాప్టర్ సంగతి, వాల్వుల సంగతి ఇంకా వివరంగా కావాలంటే కింద అడుగు, శని ఆదివారాల్లో చూసి రాస్తా.